తాతయ్య పద్దుల పుస్తకంలో "కొమ్ము కనబడగానే కుడి" అని ఉంది. కృష్ణలో ఆ కొమ్ము ఏది?

పొన్నూరు రోడ్డు అమ్మాయి (గుంటూరు)

అందరికీ నమస్కారం. కృష్ణ మీద పడవలు నడిచిన రోజుల గురించి తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని చూసి అడుగుతున్నాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అమ్మ పుట్టిల్లు అచ్చంపేట మండలం మాదిపాడు. ఊరిని ఆనుకుని కృష్ణ, అవతలి ఒడ్డున ముక్త్యాల. అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, సరుకు పడవ మీద సరంగు, అంటే పడవ నడిపించే పెద్ద. నాకు ఐదేళ్ళప్పుడే పోయారు. మోకు లాగి లాగి కాయలు కాసిన ఆయన అరచెయ్యి నా చెంపకి గరుగ్గా తగలడం ఒక్కటే నాకు గుర్తు.

మొన్న సంక్రాంతికి మాదిపాడులో పాత ఇల్లు దించేస్తుంటే అటక మీద రేకు పెట్టెలో ఒక పద్దుల పుస్తకం దొరికింది. 1950, 51 నాటిది. సగం చెదలు తినేశాయి. మిగిలిన పేజీల్లో చింతపండు, మిరపకాయల బస్తాల లెక్కలు, ఎవరెవరు ఎంత బాకీ, మధ్య మధ్యలో ప్రయాణం గురించి నాలుగేసి మాటలు. నీళ్ళు తగిలిన చోట పెన్సిలు గీత ఊదారంగులోకి మారిపోయింది. ఒక పేజీలో ఇలా ఉంది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"వైకుంఠపురం దాటాక గాలి పడిపోయింది. తెర దించాం. కొమ్ము కనబడగానే కుడి. సీతా. లాకు. రెండు రోజులు ఆగాం. దుగ్గి. లాకు. కొమ్మ. మీద పెద..."

అక్కడితో కాగితం లేదు.

నాకు అర్థం కానివి మూడు. తాతయ్యది బెజవాడ పడవ అని అమ్మ చిన్నప్పటి నుంచీ చెబుతోంది. మాదిపాడు నుంచి వాలుకు వస్తే బెజవాడ ఎడమ ఒడ్డున కదా ఉంటుంది, మరి కుడికి ఎందుకు తిరిగారు? రెండోది, ఈ కొమ్ము ఏమిటి? కొమ్మమూరు కాలువనే పొట్టిగా అలా రాసుకున్నారని మా పెద్దమామయ్య కొడుకు అంటున్నాడు. కానీ అదే పేజీలో "కొమ్మ." అని వేరుగా ఉంది. ఒకే మాటని రెండు రకాలుగా రాస్తారా?

మూడోది అమ్మ మాట. అమ్మకి ఆరేళ్ళప్పుడు తాతయ్య ఒకసారి పడవ ఎక్కించుకుని తీసుకెళ్ళారట. ఒక చోట భుజం మీదికి ఎత్తుకుని "అదిగో కొమ్ము. ఇప్పుడు మాట్లాడకు" అన్నారట. అప్పటిదాకా పాటలు పాడుతున్న కళాసీలు కూడా ఒక్కసారిగా నోరు మూసుకున్నారట. దేవుడి చోటేమో అనుకుని తనూ చేతులు జోడించానని అమ్మ చెబుతుంది. ఎందుకు మాట్లాడకూడదో ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

అమ్మకి ఇప్పుడు 79. మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ పుస్తకం దొరికినప్పటి నుంచి "ఆ చోటు ఒకసారి చూపించవే" అంటోంది. అది ఏదో తెలిస్తే, కారు వెళ్ళే దారి ఉంటే, ఈ నెలలోనే తీసుకెళ్దామని నా ఆశ.


భవానీపురం రేవు (విజయవాడ)

అక్కా, మా ఇల్లు నదికి రెండు వీధుల అవతల. నాకు తెలిసినంతలో కొమ్ము అంటే అమ్మవారి కొండే, ఇంద్రకీలాద్రి. పైనుంచి వచ్చేవాళ్ళకి ముందు కనిపించేది అదే. రెండు కొండలు అడ్డంగా ఉంటే కృష్ణమ్మకి దారి ఇవ్వడానికి బెజ్జం పడిందని, అందుకే బెజ్జంవాడ అయిందని మా నానమ్మ చెప్పేది. కృష్ణ పొంగి అమ్మవారి ముక్కుపుడకని తాకితే కలియుగం ఆఖరని బ్రహ్మంగారి మాట కూడా ఉంది కదా. 2009 అక్టోబర్‌లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు మా వీధిలో పెద్దవాళ్ళందరూ ఆ మాటే అన్నారు. మరి పడవవాళ్ళు అక్కడ నోరు మూసుకుని దణ్ణం పెట్టుకోవడంలో వింత లేదు. అమ్మగారు చేతులు జోడించడం సరైనదే అనిపిస్తోంది.

కుడి ఎందుకన్నది మాత్రం నాకూ తెలియదు.


అమరావతి మాస్టారు

నేను మొదట వైకుంఠపురం కొండ అనుకున్నాను. అక్కడ కృష్ణ ఉత్తరవాహిని, కొండ మీద వెంకటేశ్వరస్వామి, పడవ మీద నుంచి చూస్తే నది కొండకి తగిలి తిరిగినట్టే ఉంటుంది. కానీ మీ తాతగారు "వైకుంఠపురం దాటాక" అని స్పష్టంగా రాశారు. కాబట్టి అది కాదు. అది దాటితే ఎడమ వైపు ఇబ్రహీంపట్నం ఫెర్రీ వస్తుంది. అక్కడ రేవు దాటించేవాళ్ళు కాబట్టే ఆ పేరు. పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు 2015లో కృష్ణలో కలిసింది అక్కడే. కుడి వైపు తాళ్ళాయపాలెం, వెంకటపాలెం, ఉండవల్లి. ఈ మధ్యలో ఒడ్డు దాదాపు చదునే. అంటే కొమ్ము ఉండవల్లి దిగువనే ఉండాలి.

పుస్తకం పేజీలన్నీ ఫొటోలు తీసి దాచండి అమ్మా. తడి తగలనివ్వకండి. ఊదారంగు సిరా పెన్సిలు మీద ఒక్క చుక్క పడినా అక్షరం పాకిపోతుంది.


లాకు క్వార్టర్స్ (తాడేపల్లి)

అమ్మా, మీరు రాసింది నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. "సీతా. లాకు" అన్న మాట చూశాక నిద్ర పట్టలేదు. మా నాన్న సీతానగరం లాకు దగ్గర లస్కరు, అంటే లాకు తలుపులు తీసి వేసే మనిషి. నేను పుట్టింది ఆ క్వార్టర్లలో. తర్వాత నేనూ అదే శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి పదేళ్ళ కిందట రిటైర్ అయ్యాను. కాబట్టి నాకు తెలిసింది నాకు తెలిసినట్టే చెబుతాను.

మీ తాతగారు రాసిన కొమ్ము సీతానగరం కొండ. కొండంతా కాదు, దాని మొన నదిలోకి దిగిన చోటు. మా చిన్నప్పుడు పడవలవాళ్ళు నాన్నతో మాట్లాడేటప్పుడు "పొద్దున కొమ్ము దగ్గర ఎదురుగాలి కొట్టింది", "కొమ్ము కింద లంగరు వేశాం" అనేవాళ్ళు. ఎద్దు తల వంచి నీళ్ళు తాగుతుంటే కొమ్ము ముందుకొచ్చినట్టు ఉంటుంది ఆ మొన, అందుకని. భవానీపురం తమ్ముడు చెప్పినట్టు ఇంద్రకీలాద్రి పెద్దది, ముందు కనిపించేది కూడా అదే. కానీ ఎడమ వైపు కొండలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. అమ్మవారి కొండ, దాని వెనక గాంధీ కొండ, ఇంకా లోపలికి మొగల్రాజపురం కొండలు. దూరం నుంచి ఏది ఎక్కడ మొదలైందో, ఏది నీటి దగ్గరుందో చెప్పడం కష్టం. కుడి వైపు అలా కాదు. ఉండవల్లి కొండలు నేల మీద ఆగిపోతే, నీళ్ళలోకి తల పెట్టింది సీతానగరం కొండ ఒక్కటే. గురుతుగా పెట్టుకోవాలంటే అదే మంచిది.

ఇక కుడి ఎందుకంటారా. అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఆ రెండు కొండల మధ్య నది కిలోమీటరుకి కొంచెం పైన ఉంటుంది. ఎగువన లంకలన్నిటినీ కలుపుకుని అంతంత వెడల్పున పరుచుకున్న కృష్ణ ఇక్కడికొచ్చి ఇరుకవుతుంది. ఆనకట్టకి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. కట్టాల్సిన పొడవు తక్కువ, రెండు వైపులా ఆనుకోవడానికి కొండ, రాయి కూడా ఆ కొండల్లోదే. కాటన్ దొర పట్టుబట్టిన పథకం, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. 1852లో మొదలుపెట్టి 1855కి పూర్తి చేశారు. ఇప్పుడు మనం గాంధీ కొండ అంటున్నదాన్ని పాతకాలం వాళ్ళు ఓర్ కొండ అనేవాళ్ళు, ఆయన పేరు మీదే. 1968లో పైన 52 అడుగుల గాంధీ స్తూపం వచ్చాక ఆ పేరు మరుగున పడింది.

ఆనకట్ట వచ్చాక నది మీద వచ్చే పడవకి ఎదురుగా గోడ. తిన్నగా సముద్రం దాకా పోయే దారి లేదు. కాలువల్లోకి దిగాలి. ఎడమ ఒడ్డున దిగితే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. ఏలూరు కాలువ పట్టుకుంటే ఏలూరు దగ్గర గోదావరి కాలువ కలుస్తుంది, అలా రాజమండ్రి, కాకినాడ దాకా పోవచ్చు. కుడి ఒడ్డున సీతానగరం లాకులో దిగితే పశ్చిమ డెల్టా కాలువ. దుగ్గిరాల లాకులు, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, అది చివరికి పెదగంజాం. మీ కాగితంలో చెదలు తిన్న మాట పెదగంజామే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువ అందుకుంటుంది, అది మద్రాసు దారి. ఒక ఒడ్డుకి వెళితే కాకినాడ, ఇంకో ఒడ్డుకి వెళితే మద్రాసు. ఆ రెండు దారులూ విడిపోయే చోటు ఈ కొండ ముందరే.

అందుకని కొమ్ము కనబడిందంటే ఊరొచ్చిందని కాదమ్మా. ఏ ఒడ్డో తేల్చుకుని అటు మళ్ళించమని. ఇంకొంచెం ముందుకెళ్ళాక తేల్చుకుందామంటే కుదరదు. ఇరుకులో నీటి లాగుడు పెరుగుతుంది, నిండు సరుకుతో ఉన్న పడవని నదికి అడ్డంగా అవతలి ఒడ్డుకి కొట్టుకు రావడం నలుగురు గెడ వేసినా అయ్యే పని కాదు. మీ తాతగారి పడవలో చింతపండు, మిరప ఉన్నాయన్నారు కదా, అవి పశ్చిమ డెల్టా ఊళ్ళకో, ఇంకా దక్షిణానికో పోతున్న సరుకు. అందుకే కుడి.

మరి బెజవాడ పడవ అని ఎందుకన్నారంటే, మాదిపాడు వాళ్ళకి దిగువకి పోయేదంతా బెజవాడే. ఇప్పటికీ మా తాడేపల్లిలో దిగి పని చూసుకుని వెళ్ళే పల్నాడు చుట్టాలు ఇంటికెళ్ళి "బెజవాడ వెళ్ళొచ్చాం" అనే చెబుతారు.

పెద్దమామయ్య గారి అబ్బాయికి చెప్పండి, కొమ్ము వేరు, కొమ్మమూరు వేరు. తాతగారు చుక్క పెట్టి మరీ తేడా చూపించారు. "కొమ్ము" పూర్తి మాట, అందుకే చుక్క లేదు. "కొమ్మ." సగం మాట, అందుకే చుక్క ఉంది. "సీతా.", "దుగ్గి." కూడా అంతే కదా. లెక్క రాసే చెయ్యి అది.

లాకు గురించి కూడా రెండు మాటలు చెప్పనివ్వండి. అమ్మగారికి గుర్తుండి ఉండొచ్చు. నదిలో నీళ్ళు ఎత్తున, కాలువలో నీళ్ళు పల్లాన. మధ్యలో రాతి గోడల గది, రెండు కొసలా రెండేసి తలుపులు. ఎగువ తలుపులు తీస్తే పడవ గదిలోకి వస్తుంది. వెనకాల తలుపులు వేసేస్తారు. తర్వాత దిగువ తలుపులకి అడుగున ఉండే చిన్న షట్టర్లు ఎత్తితే గదిలో నీళ్ళు కాలువలోకి జారుతుంటాయి, పడవ గోడ పక్కనే మెల్లగా కిందికి దిగుతుంది. చిన్నపిల్లలకి పడవ దిగుతున్నట్టు అనిపించదు, గోడ పైకి లేస్తున్నట్టు అనిపిస్తుంది. రెండు వైపులా నీళ్ళు సమానమైతే తప్ప దిగువ తలుపు తెరుచుకోదు, ఎంతమంది తోసినా సరే. సమానం అయ్యిందంటే ఇద్దరు మనుషులు దూలానికి వీపు ఆనించి తోస్తే చాలు. నాన్న తోస్తుంటే నేనూ పక్కన నిలబడి వీపు ఆనించేవాణ్ణి. నా బలంతోనే తెరుచుకుంటోందని చాలా ఏళ్ళు నమ్మాను.


తెనాలి కాలువగట్టు

బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను దుగ్గిరాల లాకుల మీదుగా తెనాలి కాలేజీకి సైకిల్ తొక్కినవాణ్ణి. కొమ్మమూరు కాలువ మీద మద్రాసు వైపు, అటు నుంచి ఇటు పడవలు వరుసగా నడిచేవని మా ఇంట్లో చెప్పేవాళ్ళు. బకింగ్‌హామ్ కాలువలో సరుగుడు కట్టెలు మద్రాసుకి పడవల్లోనే పోయేవి. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు భుజానికి తాడు వేసుకుని పడవ లాగేవాళ్ళు. 1965, 66 తుఫాన్లకి ఆ కాలువ బాగా పాడైపోయింది. ఈలోగా లారీలు వచ్చేశాయి.

ఈ దారినే 2008లో నాలుగో నంబరు జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, పైన గోదావరి, కృష్ణ కలిపి 1078 కిలోమీటర్లు. అందులో కొమ్మమూరు కాలువ వాటా 113. 2017 అక్టోబర్‌లో ముక్త్యాల నుంచి విజయవాడ ముక్కకి శంకుస్థాపన కూడా జరిగింది. ముక్త్యాల అంటే మీ అమ్మగారి ఊరి ఎదురు రేవే కదా! తాతగారు నడిచిన నీళ్ళే అవి.


పొన్నూరు రోడ్డు అమ్మాయి (గుంటూరు)

బాబాయ్ గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. లాకు గోడ పైకి లేస్తున్నట్టు ఉంటుందన్న చోట ఆపమంది. "అవునే, గోడకి పచ్చగా నాచు ఉండేది, నేను వేలు పెట్టి రాస్తే నాన్న చెయ్యి లాగేశాడు, గోడకీ పడవకీ మధ్య నలిగిపోతుందని" అంది. ఈ మాట ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. మీకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఒక్కటి మిగిలింది. "ఇప్పుడు మాట్లాడకు" అని ఎందుకన్నారు? దణ్ణం కోసమేనా?


లాకు క్వార్టర్స్ (తాడేపల్లి)

చెయ్యి లాగేయడం సరంగు చేసే పనేనమ్మా. నాన్న కూడా లాకు గోడ అంచున కూర్చుంటే ఊరుకునేవాడు కాదు.

మాట్లాడొద్దన్నది ఆనకట్ట చప్పుడు వినడానికి. ఇది నాన్న నాకు చెప్పిన సంగతి, ఆయనకి సరంగులు చెప్పింది. ఆ పాత ఆనకట్ట ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీలాగా నిలువెత్తున కనిపించేది కాదు. నీటి మట్టానికి కాస్త అటూఇటుగా ఉండే రాతి కట్టడం. ఎగువ నుంచి వచ్చేవాడికి ముందు నది తిన్నగా పోతున్నట్టే కనిపిస్తుంది, నీళ్ళు అవతల పడుతున్న జాడ కంటికి ఆనదు. మరీ ముఖ్యంగా సాయంత్రం పూట, పొద్దు నీళ్ళ మీద మెరుస్తున్నప్పుడు. కాబట్టి చెవితోనే పట్టుకోవాలి. నీళ్ళు పొర్లిపడే హోరు ఎంత ఉందో విని ఇవాళ లాగుడు ఎంతుందో లెక్క వేసుకునేవాళ్ళు. హోరు సన్నగా ఉంటే నింపాదిగా ఒడ్డు పట్టొచ్చు. పెద్దగా ఉంటే ఇంకా పైనే ఒడ్డుకి చేరి, దిగి, మోకు పట్టుకుని గట్టు వెంబడి నడిపించుకు రావాలి. పాటలు పాడుతుంటే, పిల్లలు మాట్లాడుతుంటే అది వినిపించదు. గాలి ఎదురుగా ఉంటే ముందుగా వినిపిస్తుంది, వెనక నుంచి ఉంటే ఆలస్యంగా. అందుకే మీ తాతగారు గాలి పడిపోయిందని కూడా రాసుకున్నారేమో.

అమ్మగారు దణ్ణం పెట్టడం కూడా తప్పేం కాదు. కొండ కింద సోమేశ్వరస్వామి ఉన్నాడు. ఒడ్డు పట్టాక అందరూ పెట్టేవాళ్ళు. ఒడ్డు పట్టాకే.

ఆ భయం ఎంత నిజమో 2024 సెప్టెంబర్‌లో నేను కళ్ళారా చూశాను. 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక ఎప్పుడూ రానంత. ఎగువన కట్టేసి ఉన్న ఇనుప పడవలు తెంచుకుని కొట్టుకొచ్చి గేట్ల మీద పడ్డాయి, గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు, కౌంటర్‌వెయిట్లు, దెబ్బతిన్నాయి. మనిషి లేని పడవ ఒడ్డు ఎంచుకోలేదు కదా, నీళ్ళు ఎటు తోస్తే అటు. వాటిని బయటికి తీయడానికి ఎన్ని రోజులు పట్టిందో మీరూ టీవీలో చూసే ఉంటారు. నేను సీతానగరం వైపు నిలబడి ఆ హోరు విన్నాను. నాన్న చెప్పిన హోరు ఇంతకు ఎన్నో వంతు ఉండేదో, తెరచాప పడవల్లో వచ్చినవాళ్ళు దాన్ని పసిగట్టి ఎలా తప్పుకునేవాళ్ళో అని ఆ రోజంతా అదే ఆలోచన.

చూడటానికి రావాలంటే నా మాట వినండి. ముందు సీతానగరం రావొద్దు. కొండ కిందికొచ్చేస్తే కొమ్ము కనిపించదు, తల మీద ఉంటుంది. ముందు బెజవాడ వైపు భవానీపురం పున్నమి ఘాట్‌కి వెళ్ళండి. కారు దగ్గరిదాకా వెళుతుంది. అక్కడి నుంచి భవానీ ద్వీపానికి టూరిజం పడవలు ఉంటాయి. మోకాళ్ళు సహకరిస్తే ఎక్కించండి, నీళ్ళ మీద నుంచి దిగువకి చూస్తే అమ్మగారు చిన్నప్పుడు చూసినట్టే కనిపిస్తుంది. ముందర బ్యారేజీ అడ్డంగా ఉంటుంది, దాన్ని పట్టించుకోకుండా కుడి వైపు చూడమనండి. తర్వాత బ్యారేజీ మీదుగా ఇవతలికి వస్తే ఎడాపెడా తిరగక్కర్లేదు, సీతానగరం ఘాట్. 2016 పుష్కరాలకి మెట్లు వెడల్పు చేశారు, కూర్చోవచ్చు. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య రండి. తర్వాత మెట్లు కాలిపోతాయి. వచ్చే ముందు ఇక్కడే ఒక మాట రాస్తే నేను ఘాట్ దగ్గర ఉంటాను.


భవానీపురం రేవు (విజయవాడ)

బాబాయ్ గారూ, ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్న కొండ. అటు నుంచి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అక్కా, మీరు వచ్చే రోజు చెప్పండి. పున్నమి ఘాట్‌లో అమ్మగారిని పడవ ఎక్కించడానికి మా తమ్ముణ్ణి తీసుకుని వస్తాను. మెట్ల మీద ఇద్దరం పట్టుకుంటే ఇబ్బంది ఉండదు.


పొన్నూరు రోడ్డు అమ్మాయి (గుంటూరు)

నిన్న ఆదివారం వెళ్ళొచ్చాం. ఎలా జరిగిందో రాయకపోతే బాగుండదు.

గుంటూరులో తెల్లారకముందే బయలుదేరాం. పున్నమి ఘాట్‌లో తమ్ముళ్ళిద్దరూ ముందే ఉన్నారు. కుర్చీతో సహా అమ్మని ఎత్తి పడవలో కూర్చోబెట్టారు. అమ్మ సిగ్గుపడింది కానీ కుర్చీ వదల్లేదు. పడవ ఒడ్డు విడిచేదాకా అమ్మ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది, టిక్కెట్టు ఎంత, ఈ లైఫ్ జాకెట్టు ఎందుకు, తిరిగి ఎప్పుడు తీసుకొస్తారు అని. ద్వీపం దగ్గరికి వచ్చాక మోటారు ఆపారు. అప్పుడు ఒక్కసారి నిశ్శబ్దం. అమ్మ దిగువకి తిరిగింది. నేనేమీ చూపించలేదు, వేలు ఎత్తలేదు. కొంచెంసేపు కళ్ళు చికిలించి చూసి "అదే" అంది. నా చెయ్యి పట్టుకుంది. నేను ఏదో చెప్పబోతే "మాట్లాడకు" అంది.

హోరు లేదు. గేట్లు మూసే ఉన్నాయి. బ్యారేజీ మీద హారన్లు మాత్రం వినిపించాయి. అమ్మ అయినా వింటూనే ఉంది.

తర్వాత ఇవతలికి వచ్చాం. బాబాయ్ గారు ఘాట్ దగ్గర ఫ్లాస్కులో కాఫీతో నిలబడి ఉన్నారు. లాకు గోడ దగ్గరికి కారు తీసుకెళ్ళమని దారి చూపించారు. అమ్మ కారులోంచి దిగలేకపోయింది. కిటికీ అద్దం దించి ఆ రాళ్ళని చూసింది. బాబాయ్ గారు వెళ్ళి గోడ మీది నాచు కొంచెం వేలితో తీసి తెచ్చి అమ్మ అరచేతిలో పెట్టారు. అది రుమాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. తులసి కోట పక్కన పెట్టింది, ఎండిపోతుందని తెలిసినా.

ఇంకో సంగతి. మాస్టారు చెప్పినట్టు పేజీలన్నీ ఫొటోలు తీస్తుంటే, ఆ పేజీకి వెనక వైపు, లెక్కల కింద సన్నగా ఇంకో వాక్యం కనిపించింది. "చైత్రం. సీతా. లాకు లస్కరు మజ్జిగ పోశాడు." అంతే ఉంది. బాబాయ్ గారూ, అది మీ నాన్నగారేనా?


లాకు క్వార్టర్స్ (తాడేపల్లి)

ఇది చదివి చాలాసేపు కూర్చున్నానమ్మా. నాన్నే అని చెప్పాలని ఉంది కానీ కాదు. నాన్న లస్కరుగా చేరింది 1953లో. మీ పుస్తకం అంతకుముందుది. అప్పుడున్న పెద్దాయన దగ్గరే నాన్న పని నేర్చుకున్నాడు.

చైత్రం అన్నారు కాబట్టి రెండు రోజులు ఎందుకు ఆగారో కూడా తెలిసిపోయింది. ఎండాకాలం మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఉన్న సరుకంతా దాటించేయాలని పడవలన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. లాకు గదిలో ఒకసారికి ఎన్ని పడతాయి? నది వైపు వరుస కట్టి ఎండలో కూర్చోవలసిందే.

మజ్జిగ కుండ మాత్రం నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఉండేది. చైత్రం వచ్చిందంటే అమ్మ తెల్లవారుజామునే చిలికి, ఉప్పు, కరివేపాకు వేసి కుండకి తడిగుడ్డ చుట్టేది. నాన్న దాన్ని లాకు గోడ మీద, రావిచెట్టు నీడ పడే వైపు పెట్టేవాడు. నీడ జరుగుతున్న కొద్దీ కుండని జరపడం నా పని.